పలక నుండి తెర దాకా

మార్కాపురం పేరు వినగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది పలక. ఆ పట్టణ పరిసరాలలో పొరలు పొరలుగా లభించే రాతిని తవ్వి తీసి, పలుచని రేకులుగా చీల్చి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక సిద్ధమవుతుంది. కొన్ని తరాలపాటు ఆంధ్రదేశంలోనే కాక ఇతర రాష్ట్రాలలో కూడా ఎందరో పసివాళ్ళు ఈ పలకల మీదనే ఓనమాలు దిద్దుకున్నారు. నోటుపుస్తకాలు చౌకగా లభించడం మొదలైన తరువాత పలకలకు గిరాకీ తగ్గింది. ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా గోడలకు, నేలకు పరిచే బండలుగా మారి దూరదేశాలకు తరలిపోతున్నది.

ఈ పలకల చరిత్రలో మరచిపోకూడని అధ్యాయం ఒకటి ఉన్నది. 1987లో భారత ప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానాన్ని ప్రకటించింది. బాలకార్మికుల విముక్తి కోసం ప్రత్యేక పథకాలు అమలు జరపడానికి ఆనాడు ఎంపిక చేసిన పరిశ్రమలలో మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఒకటి. అంటే, ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకోవడానికి పలకలను సిద్ధం చేసిన చేతులలో బడికి వెళ్ళవలసిన వయసు పిల్లల చేతులు కూడా ఉన్నాయన్నమాట. ఊరినిండా పలకలు ఉన్నా, ఆ పిల్లలకు చదువు అందలేదు. చదువుకు పనికివచ్చే సాధనం ఊరిలో ఉన్నంత మాత్రాన చదువు ఊరికి రాదు. ఆ సాధనం ఎవరి చేతిలో ఉన్నది, ఏ ప్రయోజనం కోసం ఉన్నది, దానిని పట్టించి దిద్దించే పెద్దదిక్కు ఉన్నదా లేదా అన్న ప్రశ్నలకు దొరికే సమాధానాలను బట్టే అది విద్యాసాధనమవుతుంది.

ఈ తరం పిల్లల ముందుకు వచ్చిన కొత్త సాధనం సెల్‌ఫోన్ తెర. దానిలో కొలువుతీరినవి సామాజిక మాధ్యమాలు. ఫేస్‌బుక్ 2004లో, యూట్యూబ్ 2005లో, వాట్సాప్ 2009లో ఆరంభమయ్యాయి. రెండు దశాబ్దాల కాలంలో ఇవి మహానగరాల నుండి మారుమూల పల్లెల దాకా విస్తరించాయి. పాఠశాలలకు వీటివలన మేలు కలుగుతుందా, కీడు కలుగుతుందా అన్న చర్చ అంతటా జరుగుతున్నది. వీటిని పాఠశాల గడప తొక్కనీయరాదని కొందరు వాదిస్తారు. వీటితోనే విద్యారంగం ఉద్ధరింపబడుతుందని మరికొందరు నమ్ముతారు. ఈ రెండు వాదాలలో ఏది ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవాలంటే ఒక నిర్దిష్టమైన ప్రాంతాన్ని, అక్కడి బడి పిల్లల జీవితాన్ని ముందు పెట్టుకుని ఆలోచించడం మంచిది. అందుకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం చక్కని ఉదాహరణ.

1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి వచ్చి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. సముద్రతీరపు ప్రకాశానికి, నల్లమల అడవిని ఆనుకొని ఉన్న ఈ పశ్చిమ ప్రకాశానికి మధ్య దూరం చాలా ఎక్కువ. గిద్దలూరు నుండి ఒంగోలుకు వెళ్ళాలంటే వంద కిలోమీటర్లకు మించి ప్రయాణం చేయాలి. వర్షాధారపు సేద్యం, అడుగంటిన బావులు, అనేక గ్రామాలలో ఫ్లోరైడు కలిసిన భూగర్భజలం, పనుల కోసం వలసలు ఇక్కడి జీవితాన్ని శాసిస్తున్నాయి. ఇక్కడి పిల్లలకు తెలివితేటలు తక్కువ కావు. వారికి, అవకాశాలకు మధ్య ఉన్న అడ్డుగోడ దూరమే. సామాజిక మాధ్యమం పాఠశాలకు చేయగలిగిన నిజమైన మేలు ఏదైనా ఉంటే అది ఈ దూరాన్ని తగ్గించడమే.

జ్ఞానం మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాలన్న భావన తెలుగునాట కొత్తది కాదు. గ్రంథాలయోద్యమ కాలంలో, 1935లో, పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయాన్ని నడిపించారు. గ్రంథాలయానికి రాలేని పల్లెవాసుల వద్దకు గ్రంథాలయమే తరలివెళ్ళింది. డెల్టా ప్రాంతానికి ఆ అదృష్టం కాలువల వలన కలిగింది. పశ్చిమ ప్రకాశంలో అటువంటి కాలువలు లేవు. కనుక పుస్తకాల పడవ వచ్చే మార్గమూ లేకపోయింది. ఇప్పుడు నీటితో పనిలేని కాలువ ఒకటి ఆకాశమార్గాన ఊరూరికీ వచ్చింది. దానిమీద ఏ సరుకు రవాణా చేయాలన్నదే పాఠశాలలు తేల్చుకోవలసిన విషయం.

అన్నింటికంటే ముందుగా చెప్పవలసినది వలస కుటుంబాల సంగతి. వానలు మొహం చాటేసిన ఏడు ఈ ప్రాంతం నుండి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు ప్రాంతంలో మిరపకాయల కోతకు, హైదరాబాదు, బెంగళూరు నగరాలలో భవన నిర్మాణపు పనులకు తరలిపోతాయి. బడి మాన్పించి పిల్లలను వెంట తీసుకుపోయేవారు కొందరైతే, అవ్వాతాతల దగ్గరనో, హాస్టలులోనో విడిచిపెట్టి వెళ్ళేవారు మరికొందరు. విడిచివెళ్ళిన బిడ్డ చదువు గురించి ఆ తల్లిదండ్రులకు ఏమి తెలుస్తుంది? పూర్వం పండుగకు ఊరికి వచ్చినప్పుడు మాత్రమే తెలిసేది. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయేది. రెండు వారాలు బడికి రాని పిల్లవాడు రెండు నెలలు మానేసేవాడు. రెండు నెలలు మానేసినవాడు తిరిగి బడి ముఖం చూసేవాడు కాడు.

ఇటువంటి సందర్భంలో వాట్సాప్ బృందం ద్వారా చేసే చిన్న పని పెద్ద ఫలితాన్ని ఇస్తుంది. పిల్లవాడు మూడు రోజులుగా బడికి రావడం లేదన్న సమాచారాన్ని తరగతి ఉపాధ్యాయుడు తండ్రికి తెలియజేస్తే, ఆ తండ్రి అదే సాయంత్రం ఫోనులో బిడ్డను అడగగలడు. నెలకు ఒకసారి బిడ్డ చేతివ్రాతను ఫోటో తీసి పంపితే, ఎక్కడో కట్టుబడి పనిలో ఉన్న తల్లి దానిని చూసుకోగలదు. ఈ మాధ్యమంలో మరొక సౌలభ్యం కూడా ఉన్నది. చదువురాని తల్లిదండ్రుల కోసం ఉపాధ్యాయుడు తన మాటలనే రికార్డు చేసి పంపవచ్చు. ఉత్తరం చదివించుకోవడానికి మరొకరి సహాయం కోరవలసిన అగత్యం ఆ తల్లికి ఉండదు. ప్రగతిపత్రం మీద వేలిముద్ర వేసి ఊరుకున్న తల్లి, ఇప్పుడు ఉపాధ్యాయుని మాట స్వయంగా విని, తన మాట తానే తిరిగి చెప్పగలుగుతుంది. బడితో మాట్లాడడానికి సంకోచించే పేద తల్లికి ఇది చిన్న గౌరవం కాదు.

రెండవది అవకాశాల సమాచారం. ఎనిమిదవ తరగతి చదివే పేద విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం జాతీయ ఉపకార వేతన పథకాన్ని అమలు చేస్తున్నది. అందులో ఎంపికైన వారికి తొమ్మిదవ తరగతి నుండి ఇంటర్మీడియట్ పూర్తయ్యేవరకు ఏటా 12,000 రూపాయలు లభిస్తాయి. గ్రామీణ విద్యార్థులకు సాంకేతిక విద్య అందించాలన్న లక్ష్యంతో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అందులో పదవ తరగతి మార్కుల ఆధారంగా ప్రవేశాలు కల్పిస్తారు. ఇటువంటి అవకాశాలు ఎన్ని ఉన్నా, దరఖాస్తుకు గడువు ముగిసిన మరునాడు తెలిస్తే వాటివలన ప్రయోజనం లేదు. పట్టణంలోని విద్యార్థికి పదిమంది చెబుతారు. కొమరోలు, అర్ధవీడు, పుల్లలచెరువు మండలాలలోని ఒక మారుమూల పల్లె విద్యార్థికి చెప్పేవారు ఎవరు? ఉపాధ్యాయుడు పంపే రెండు వాక్యాల సందేశం ఒక పేద కుటుంబానికి నాలుగేళ్ళ ఆసరాను సంపాదించి పెట్టగలదు.

మూడవది ఉపాధ్యాయులకు కలిగే మేలు. ఒకే ఉపాధ్యాయుడు ఉన్న ప్రాథమిక పాఠశాలలో ఆయనకు సందేహం వస్తే అడగడానికి ప్రక్క గదిలో మరొకరు ఉండరు. భిన్నాలు బోధించే తీరు, తెలుగు ఒత్తులను పిల్లలకు సులభంగా అలవాటు చేసే పద్ధతి, ఖర్చు లేకుండా చేసుకోదగిన బోధనోపకరణం వంటి విషయాలను వివిధ మండలాల ఉపాధ్యాయులు పరస్పరం పంచుకోవడానికి ఈ బృందాలు తోడ్పడతాయి. ప్రయోగశాల లేని ఉన్నత పాఠశాలలో ఒక రసాయనిక చర్యను యూట్యూబులో చూపి వివరించవచ్చు. 2017లో ఆరంభమైన దీక్ష వేదికలోని పాఠాలను పాఠ్యపుస్తకంలో ముద్రించిన క్యూఆర్ సంకేతం ద్వారా చూడవచ్చు. మంచి పాఠం ఒకచోట పుట్టి అక్కడే మిగిలిపోకుండా నలుగురికీ చేరడం విద్యారంగానికి ఎంతో ఉపకరిస్తుంది.

నాల్గవది చాలామంది గుర్తించనిది. సామాజిక మాధ్యమం ద్వారా జ్ఞానం బయటినుండి పల్లెకు రావడమే కాదు, పల్లెనుండి బయటికి కూడా వెళ్ళగలదు. కంభం చెరువు ఈ ప్రాంతానికి గర్వకారణం. విజయనగర పాలకుల కాలంలో గుండ్లకమ్మ మీద, కొండల నడుమ కట్ట వేసి నిర్మించిన ఆ మహాతటాకాన్ని 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ చెరువు కింద సేద్యం చేసిన ముసలి రైతులను ప్రశ్నించి, వారు చెప్పిన సంగతులను విద్యార్థులు రికార్డు చేస్తే అది ఒక సజీవ చరిత్రపాఠం అవుతుంది. పలకను చీల్చే పనివాని ఉలి నైపుణ్యం, మార్కాపురం చెన్నకేశవాలయంలోని శిల్పం, నల్లమలలోని చెంచు పెద్దలకు తేనె గురించి, దుంపల గురించి, మూలికల గురించి ఉన్న జ్ఞానం కూడా అటువంటివే. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, చెప్పినవారి అనుమతితో వీటిని పాఠశాల పేరిట లోకానికి అందిస్తే, తమ ఊరికి కూడా చెప్పదగిన కథ ఉన్నదన్న ఆత్మవిశ్వాసం పిల్లలలో కలుగుతుంది. పరుల వీడియోలను చూసి కాలం గడిపే విద్యార్థికి, తన ఊరి విషయం చెప్పడానికి ముందు విచారించి, సరిచూసి, చక్కని తెలుగులో వ్రాసుకునే విద్యార్థికి ఎంతో వ్యత్యాసం ఉన్నది.

అయితే ఈ ప్రయోజనాలను ఎన్నుకొని చెబుతూ పోతే సత్యంలో సగమే చెప్పినట్లవుతుంది. మిగిలిన సగాన్ని కరోనా కాలం బట్టబయలు చేసింది. 2020 మార్చిలో పాఠశాలలు మూతపడినప్పుడు పాఠాలు తెరమీదకు మారాయి. దూరదర్శన్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. వాట్సాప్ ద్వారా అభ్యాసపత్రాలు వచ్చాయి. ఫోను ఉన్న ఇంటి పిల్లలు ఎంతోకొంత చదువుకున్నారు. ఫోను లేని ఇంటి పిల్లలు పొలాలకు, పనులకు వెళ్ళారు. ఇంటికి ఒక్క ఫోను ఉండి, దానిని తండ్రి పనికి తీసుకుపోతే పాఠం కూడా ఆయన వెంటే పోయింది. అన్నా చెల్లెళ్ళు ఉన్న ఇంట ఫోను ముందుగా అన్న చేతికే వెళ్ళిన సందర్భాలు తక్కువ కాదు. సెల్‌ఫోన్ సంకేతం చక్కగా అందని నల్లమల లోపలి చెంచు గూడెం బాలికకు ఈ ఏర్పాట్లన్నీ ఉండీ లేనట్లే. పలకల ఊరిలో పలకలేని పిల్లలు ఉన్నట్లే, తెరల కాలంలో తెరలేని పిల్లలు మిగిలిపోయారు.

రెండవ ప్రమాదం దుర్వినియోగం. 2022లో పదవ తరగతి పబ్లిక్ పరీక్షల సమయంలో రాష్ట్రంలో కొన్నిచోట్ల ప్రశ్నపత్రాల ఫోటోలు పరీక్ష జరుగుతుండగానే వాట్సాప్‌లో వ్యాపించాయి. మేలైన సమాచారాన్ని క్షణంలో చేరవేసే మార్గమే మోసాన్ని కూడా క్షణంలో చేరవేస్తుంది. వదంతులకు ఉన్న వేగం వాస్తవాలకు ఉండదు. తోటి విద్యార్థిని హేళన చేస్తూ పెట్టిన ఒక వ్యాఖ్య ఆ పిల్లవానిని బడికి దూరం చేయగలదు. ఒక వీడియో ముగియగానే మరొక వీడియోను చూపించే ఏర్పాటు, పిల్లల ఏకాగ్రతను గురించి ఆలోచించి చేసినది కాదు. చూపరులను కట్టిపడవేసి ప్రకటనల ద్వారా ఆదాయం పొందడానికి చేసినది. పాఠం కోసం తెరిచిన తెరమీద అర్ధరాత్రి దాకా మరేదో చూసే విద్యార్థిని నిందించి లాభం లేదు. ఆ ఆకర్షణను తట్టుకోవడం పెద్దలకే కష్టమవుతున్నది.

అందువలననే ప్రపంచమంతటా ప్రభుత్వాలు ఈ విషయంపై దృష్టి పెట్టాయి. పాఠశాలలో సాంకేతిక పరికరాన్ని అభ్యసనానికి స్పష్టంగా తోడ్పడుతున్నప్పుడు మాత్రమే వాడాలని యునెస్కో 2023లో వెలువరించిన నివేదిక హితవు చెప్పింది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలలకు విద్యార్థులు సెల్‌ఫోన్లు తేవడాన్ని నిషేధించి, తరగతి గదిలో ఉపాధ్యాయుల ఫోన్ల వినియోగాన్ని కూడా కట్టడి చేసింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024లో చట్టం చేసి, 2025 డిసెంబరు నుండి 16 సంవత్సరాలు నిండనివారికి ప్రధాన సామాజిక మాధ్యమాలలో ఖాతాలు ఉండరాదని నిర్దేశించింది. అయినా సందేశాలు పంపుకోవడానికి ఉపయోగపడే వాట్సాప్ వంటివాటిని ఆ నిషేధం నుండి మినహాయించింది. పిల్లలను వ్యసనపరులను చేసే మాధ్యమం వేరు, మనుషులను కలిపే మాధ్యమం వేరు అన్న వివేచన ఇందులో కనిపిస్తుంది. పాఠశాలలకు కావలసినది సరిగ్గా ఈ వివేచనే.

కంభం చెరువును నిర్మించిన పెద్దలు కట్ట మాత్రమే వేసి ఊరుకోలేదు, తూములు కూడా ఏర్పాటు చేశారు. కట్ట లేకపోతే వరద ఊళ్ళను ముంచుతుంది. తూము లేకపోతే ఎంత నీరు నిలిచినా పొలం ఎండిపోతుంది. సామాజిక మాధ్యమాన్ని పూర్తిగా నిషేధించాలనేవారు కట్టను మాత్రమే చూస్తున్నారు. పూర్తిగా తెరిచిపెట్టాలనేవారు కట్టనే మరచిపోతున్నారు. ఏ నీటిని, ఎంత నీటిని, ఏ పంటకు వదలాలో నిర్ణయించే తూము కాపరి బాధ్యతను పాఠశాల స్వీకరించాలి.

ఆ బాధ్యతను నిర్వహించడానికి పాఠశాలలు కొన్ని నియమాలను పాటించడం అవసరం. మొదటిది, పాఠశాల బృందం ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మధ్య ఉండాలి కాని పసిపిల్లల చేతిలో ఉండరాదు. రెండవది, ముఖ్యమైన ఏ సమాచారమైనా ఫోను ద్వారా మాత్రమే తెలియజేసి చేతులు దులుపుకోరాదు. బృందంలో పెట్టిన ప్రకటన పాఠశాల గోడమీద కూడా కనిపించాలి. ఫోను లేని ఇంటికి ఆ మాట మనిషి ద్వారా అందాలి. బృందంలో ఎంతమంది ఉన్నారన్న లెక్క కంటే ఎవరు లేరన్న లెక్క ముఖ్యం. మూడవది, పిల్లల గౌరవానికి భంగం కలిగే సమాచారాన్ని పదిమందిలో పెట్టరాదు. తక్కువ మార్కులు, బాకీపడిన రుసుము, ఆరోగ్య సమస్య వంటి విషయాలు ఆ తల్లిదండ్రులకు మాత్రమే తెలియజేయాలి. ఉచితంగా పుస్తకాలో, బూట్లో అందుకుంటున్న పిల్లల ఫోటోలను ప్రచారానికి వాడడం వారి పేదరికాన్ని ప్రదర్శనకు పెట్టడమే. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండనివారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని నిర్దేశించింది. చట్టం మాట ఎలా ఉన్నా, పరుల బిడ్డ ముఖాన్ని లోకానికి చూపేముందు ఆ బిడ్డ తల్లిని అడగడం సంస్కారం.

నాల్గవది, సందేశాలకు ఒక వేళ ఉండాలి. రేయింబవళ్ళు వచ్చిపడే సందేశాలకు సమాధానాలు ఇస్తూ, ప్రతి కార్యక్రమానికీ ఫోటోలు తీసి పంపుతూ గడిపే ఉపాధ్యాయునికి బోధించే సమయం మిగలదు. ఉపాధ్యాయుని శ్రమను తగ్గించవలసిన సాధనం ఆ శ్రమను రెట్టింపు చేయకూడదు. అయిదవది, ఏ వార్తను నమ్మాలి, ఏ వార్తను నమ్మరాదు, ఇతరులకు పంపేముందు ఎలా సరిచూసుకోవాలి అన్న విషయాలను భాషాబోధనలో భాగంగా నేర్పాలి. చదివినదాని అర్థం గ్రహించడం ఎంత అవసరమో, దానిని ఎవరు వ్రాశారు, ఎందుకు వ్రాశారు అని ప్రశ్నించడం నేటి విద్యార్థికి అంతే అవసరం.

పలకకు, తెరకు మధ్య ఉన్న ఒక భేదాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పలకమీద తప్పు వ్రాస్తే తడిగుడ్డతో తుడిచివేసి మళ్ళీ వ్రాయవచ్చు. ఆ తప్పు ఎవరికీ గుర్తుండదు. తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి పలక ఇచ్చిన స్వేచ్ఛ అది. తెరమీద పెట్టిన మాట అలా తుడుచుకుపోదు. మనం తొలగించినా మరెవరి దగ్గరనో మిగిలి ఉంటుంది. కాబట్టి తప్పులు చేస్తూ నేర్చుకునే వయసులోని పిల్లలకు నేటికీ తరగతి గది, నోటుపుస్తకం, ఎదురుగా నిలిచి ఓపికగా దిద్దే ఉపాధ్యాయుడు అవసరం. ఆ స్థానాన్ని ఏ తెరా భర్తీ చేయలేదు.

కాని ఆ తరగతి గదికి, వందల కిలోమీటర్ల దూరంలో మిరపతోటలో ఉన్న తల్లికి మధ్య వంతెన వేయవలసి వచ్చినప్పుడు తెర చేసే మేలును కాదనలేము. సామాజిక మాధ్యమాన్ని పాఠశాల తన సేవకు నియమించుకోవాలి కాని తానే దానికి సేవ చేయరాదు. ఒకనాడు పలకలు తయారుచేసిన పిల్లల చేతికి పలక అందలేదు. ఆ పొరపాటు మరొక రూపంలో పునరావృతం కాకుండా చూడడం ఈ తరం పెద్దల కర్తవ్యం. వలస వెళ్ళిన ఇంటి బిడ్డ, గూడెంలోని బిడ్డ, ఫోను లేని ఇంటి బిడ్డ వెనుకబడిపోకుండా బడిలో నిలిచినప్పుడే సామాజిక మాధ్యమం పాఠశాలకు మేలు చేసిందని చెప్పగలం.